బుట్ట సాలు

విశాఖపట్నం,
28 మే 2005.

మావయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరంలో నా మీద ఒక నేరం మోపావు. దానికి జవాబు చెప్పకుండా కుశలప్రశ్నలతో మొదలుపెట్టడం నాకు చేతకాదు. కాబట్టి ముందుగా ఆ నేరాన్ని నీ మాటల్లోనే ఇక్కడ ఉంచుతున్నాను. "గోగు ఊరబెట్టే గుంట కంపు గురించి నువ్వు మైకులో మాట్లాడితే కప్పు ఇచ్చారని పేపర్లో చూశాం. సంతోషం. ఆ గుంటలో నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీసే మీ అత్త కాళ్ళ పుళ్ళు మాత్రం కప్పు వచ్చిందని మానలేదు." అంటే, ఊరి కష్టాన్ని నేను ఉపన్యాసానికి సరుకు చేసుకున్నానని నీ అభియోగం.

మూడు రోజులు మనసులోనే నీతో వాదించాను. ఆ రోజు వాదనాంశం గుంట కంపు కాదనీ, 'పంట మొక్కలో మార్పు చేసేముందు రైతు సమ్మతి అవసరమా' అన్నదనీ గుర్తుచేశాను. అవసరమేనని నేను నిలబడ్డాను. సాక్ష్యంగా మన బుట్టను చూపించాను. ఏరువాక పున్నమి నాడు ప్రతి ఇల్లూ తన గోగు విత్తనంలో మేలైన పిడికెడు తెచ్చి అప్పలమ్మ పెద్దమ్మ బుట్టలో పోస్తుందని చెప్పాను. ఆమె అంతా కలిపి ఇంటికొక పిడికెడు తిరిగి ఇస్తుందనీ, దానితో వేసిన మొదటి వరుసను బుట్ట సాలు అంటారనీ, మరుసటి ఏటి విత్తనం ఆ సాలు నుంచే తీస్తారనీ వివరించాను. "తన విత్తనం ఏమిటో పదిమంది ఎదుట చెప్పాకే బుట్టలో పోసే ఊరు మాది. సమ్మతి అంటే ఏమిటో మాకు ఏ చట్టమూ నేర్పనక్కరలేదు" అన్నప్పుడు హాలంతా లేచి నిలబడింది.

ఇంత వాదించినా నీ అభియోగం చెక్కుచెదరలేదు. ఎందుకంటే అది నిజం. ఆ చప్పట్లలో అత్త కాళ్ళకు పనికివచ్చేది ఒక్కటీ లేదు.

అందుకని మాటతో కాక వస్తువుతో జవాబు పంపుతున్నాను. ఈ పార్సిల్లో వచ్చే ఫిల్ము రీలు డబ్బాలో నాలుగు వందల గోగు విత్తనాలున్నాయి. నాలుగేళ్ళుగా ప్రయోగశాలలో నేను పనిచేస్తున్నది వీటి మీదనే. ఈ రకం ఇరవై రోజులు నీళ్ళలో కుళ్ళనక్కరలేదు. వారానికే నార పుల్లను వదిలేస్తుంది. పెరట్లో బావి పక్క మూలలో చల్లి చూడు. వారంలో నార ఊడివచ్చిన నాడు నీ అభియోగం వెనక్కు తీసుకుందువు గాని.

నీ మేనకోడలు,
సుధారాణి.


కొత్తనీలాపురం,
వయా కోటబొమ్మాళి,
3 జూలై 2005.

చి. సుధారాణికి జోగారావు మావయ్య ఆశీస్సులు.

నేను మాట్లాడినట్టు రాస్తే చిన్నప్పుడు మా మేష్టారు వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవారు. ఆ భయం ఇంకా పోలేదు గనక పుస్తకంలో రాసినట్టే రాస్తాను. మీ అత్త పైడితల్లి మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను. వాటిని దిద్దే మేష్టారు ఇంకా పుట్టలేదు.

డబ్బా అందింది. మీ అత్త మూత తీసి చూసి, "ఇదేటి, ఫొటోల డబ్బాలో ఇత్తనాలు? మొలిత్తే మొక్కలొత్తాయా, నీ మేనగోడలు ఫొటోలొత్తాయా?" అంది. సగం బావి మూలలో చల్లాం. మిగిలిన సగం ఏం చేద్దామని అడిగాను.

"ఏటి సేద్దామా? పున్నానికి బుట్టలో పోద్దాం. మంచిదని తెలిసి మనమే దాసుకుంటే రేపు అప్పలమ్మొదిన ముందు ఏ మొకం ఎట్టుకుని నించుంటాను?"

నాకూ అది న్యాయంగానే తోచింది. పున్నమి నాడు మన వంతు వచ్చింది. అప్పలమ్మ అక్క ఆనవాయితీ ప్రకారం, "ఏ ఇత్తనం, ఎక్కడిది?" అని అడిగింది. "మా సుధారాణి సేసిన ఇత్తనం. వారానికే నార ఊడతాది" అని మీ అత్త ఊరంతటికీ వినబడేలా చెప్పింది. అప్పలమ్మ అక్క ఆ పిడికిలిని కళ్ళకద్దుకుని, "మన గుంట సేతిది, మన ఇంటి పిల్ల సేతిది. ఇంకేటి అడగాలి?" అంటూ కలిపేసింది. వేళాకోళాల తాతారావు ఊరుకుంటాడా? "మైకు గుంట ఇత్తనం. మొక్కలు రేత్రీ పగలూ మాటాడతాయేమో, సెవుల్లో దూది ఎట్టుకోండి" అని అందరినీ నవ్వించాడు.

ఈ ఏడు నలభై రెండు ఇళ్ళు బుట్టకు వచ్చాయి. నలభై రెండు బుట్ట సాళ్ళలోనూ నీ విత్తనం ఉంది. నేను మోపిన నేరంలో సగం ఇప్పుడే వెనక్కు తీసుకుంటున్నాను. మిగతా సగం నార ఊడిన రోజున.

జోగారావు.


విశాఖపట్నం,
11 జూలై 2005.

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. కొన్ని విషయాలు వెంటనే తెలియజేయి. బుట్టలో పోసినవి లెక్కపెట్టి పోశారా, చూపు మీద సగమని పోశారా? పంపకం అయ్యాక బుట్ట అడుగున ఏమైనా మిగిలిందా? ఆ పిడికెడును ఎవరైనా బుట్ట సాలులో కాక వేరే సాళ్ళలో చల్లారా? హరిశ్చంద్రపురం చుట్టాలకు గాని మరెవరికైనా గాని ఈ విత్తనం ఇవ్వవద్దు. బావి మూల మొక్కల ఆకు కోయవద్దు.

ఇదంతా పరిశోధన లెక్కల కోసం అడుగుతున్నాను. వేరే కారణం లేదు.

పక్కింటి ఫోనుకు చేయలేను. హాస్టల్లో ఫోను దగ్గర ఎప్పుడూ వరుస ఉంటోంది. ఉత్తరమే రాయి.

సుధ.


కొత్తనీలాపురం,
14 ఆగస్టు 2005.

చి. సుధకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్త, "ఇది మన గుంట రాసిందా, టేసన్నుంచి వొచ్చిందా?" అంది. నాకూ ముద్దాయిలా జవాబు చెప్పాలనిపిస్తోంది. చిత్తగించు.

లెక్కపెట్టలేదు. గుప్పిటతో సగం. బుట్ట అడుగున ఏమీ మిగలలేదు. మిగిలితే అరిష్టమని చివరి గింజదాకా పంచుతారని నువ్వే కదా ఊరూరా చెబుతావు. వేరే సాళ్ళలో ఎవరూ చల్లలేదు. బుట్ట పిడికెడు బుట్ట సాలుకే. పొరుగూరికి పోలేదు.

ఆకు సంగతికి మాత్రం నీ ఆజ్ఞ ఆలస్యంగా అందింది. బావి మూల గోగు ఎంత లేతగా, ఎంత పుల్లగా ఉందంటే, మీ అత్త రెండుసార్లు పులుసు పెట్టింది. బారువ నుంచి వచ్చిన ఎండు రొయ్యలు వేసి మూడోసారి వండి ఆరిళ్ళకు పంచింది. బుట్ట సాళ్ళలో ఆకు ఎవరు కోశారో, ఎవరు కోయలేదో నేనెలా చెప్పను? గోగు చేను పక్కనుంచి పోతూ ఒడిలో నాలుగాకులు తుంచుకోని ఆడమనిషి ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉందా? ఇది పెద్ద పాపమైతే ఊరంతటినీ జైల్లో పెట్టాలి.

నువ్వు అడిగిన వాటిలో పరిశోధన లెక్క నాకు కనబడలేదు. వేరే కారణం లేదని రాశావు. నేను కారణం అడగకముందే లేదని రాయడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏదైనా ఉంటే చెప్పమ్మా. అమ్మ పోయినప్పుడు నువ్వు ఆరేళ్ళ పిల్లవి. అప్పటినుంచి మా దగ్గర నువ్వు దాచింది ఏమీ లేదు.

జోగారావు మావయ్య.


విశాఖపట్నం,
26 ఆగస్టు 2005.

మావయ్యకు,

ఏమీ లేదు. పని ఒత్తిడి.

అత్త కాళ్ళకు పూతమందు రెండు గొట్టాలు పంపుతున్నాను. పొద్దున, సాయంత్రం, కాళ్ళు కడిగి తుడిచాక రాయమను. తడి మీద రాస్తే పనిచేయదు.

దసరాకు వచ్చే వీలు లేదు.

సుధ.


కొత్తనీలాపురం,
24 సెప్టెంబరు 2005.

చి. సుధారాణికి,

మేమంతా క్షేమం. పంతొమ్మిదో తారీకున కళింగపట్నం దగ్గర తుపాను తీరం దాటిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి తలలు విరిగాయని పలాస నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. మన గోగు గాలికి వంగి మళ్ళీ లేచింది, ఒక్క బుట్ట సాళ్ళు తప్ప.

ఆ సాలులో కూడా అన్నీ పడలేదు. ప్రతి ఇంటి సాలులోనూ నాలుగో అయిదో కర్రలు నడుం దగ్గర చతికిలబడి నేలకు ఆనుకున్నాయి. వాటి పక్కవి నిటారుగా ఉన్నాయి. వెనక సాళ్ళు నిటారుగా ఉన్నాయి. ఇలాంటిది నా ఎరుకలో లేదు.

మర్నాడు అందరూ రచ్చబండ దగ్గర చేరారు. తాతారావు ఎప్పుడూ నవ్వించేవాడు, ఆ రోజు నవ్వించలేదు. "గాలి అందరికీ ఒకటే. నేల ఎవరిది ఆళ్ళదే. మరి ఊరంతటికీ ఒక్క బుట్ట సాలే ఎందుకు పడ్డాది? బుట్ట ఎవరి సేతిలో ఉన్నాది? మొగుడు పోయి ఏడాది తిరక్కుండా అప్పలమ్మ ఆ బుట్ట ముట్టొచ్చా? అప్పుడే అందావనుకున్నాను, నోరు రానేదు" అన్నాడు. ఒకరు అనేసరికి పదిమంది అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరు వెళ్ళి ఆమె ఇంటి నుంచి బుట్ట తెచ్చేశారు. ఆమె లోపలికి వెళ్ళి, దులిపి, తుడిచి చేతికిచ్చిందట. నలభై ఏళ్ళుగా ఆ బుట్ట ఆమె దగ్గరే ఉంది. అంతకుముందు ఆమె అత్తగారి దగ్గర ఉండేది.

అప్పటినుంచి అక్క కుళాయి దగ్గరకు రావడం మానేసింది. మీ అత్త రోజూ రెండు బిందెలు మోసుకెళ్ళి ఆమె గుమ్మంలో పెట్టి వస్తోంది.

నేనూ ఆ గుంపులో ఉన్నాను. నోరు విప్పలేదు.

ఇంటికి వస్తూ మన బుట్ట సాలులో పడిన కర్రనొకటి విరిచి తొక్క వలిచి చూశాను. గోగు పుల్ల తెల్లగా ఉండాలి. అది ఇటుక రంగులో ఉంది. పక్కన నిలబడిన దాన్ని విరిచాను, తెల్లగా ఉంది. ఆ తరువాత బావి మూలలోకి వెళ్ళి అక్కడిదొకటి విరిచాను. ఇటుక రంగు.

దీని గురించి నీకేమైనా తెలుసా? తెలిస్తే ఈసారి ఏమీ లేదని రాయకు.

జోగారావు.


విశాఖపట్నం,
29 సెప్టెంబరు 2005.

మావయ్యా,

తెలుసు. ఆ ఇటుక రంగు నా సంతకం. మా గాజుగదిలో మొదటిసారి దాన్ని చూసిన రోజు నేను స్నేహితులకు మిఠాయి పంచాను.

ఇంతకాలం రాయనిది ఇప్పుడు వరుసగా రాస్తాను. ఫోనులో అయితే నీ గొంతు విని మాట మారుస్తాను. కాగితం మీద అయితే మార్చిన చోట కొట్టివేత కనబడుతుంది.

కర్రను గట్టిపరిచే పదార్థం ఒకటుంది, లిగ్నిన్ అంటారు. నార మొండికేసి పుల్లను పట్టుకుని ఉండటంలో దానిదే పెద్ద చెయ్యి. దాన్ని తయారుచేయమనే ఆజ్ఞ జన్యువులో రాసి ఉంటుంది. జన్యువు కణం లోపలి నుంచి కదలదు, కచేరీలోని అసలు దస్తావేజులాగా. దాని నకలు మాత్రం బయటకు వెళ్ళి పని చేయిస్తుంది. ఆ నకలు పేరు ఆర్.ఎన్.ఏ. నేను చేసిందల్లా ఇది: ఆ నకలులోని రాతనే ఎదురుబొదురుగా పేర్చి, జడపిన్నులా మధ్యకు వంగి తనకు తానే అతుక్కునే మరొక ఆర్.ఎన్.ఏ.ని గోగు మొక్క తనంతట తానే తయారుచేసుకునేలా ఏర్పాటు చేశాను. అలా జంటగా అతుక్కున్న ఆర్.ఎన్.ఏ. కనబడితే మొక్క దాన్ని తెగులుగా భావించి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను ఆనవాలుగా పట్టుకుని, అదే రాత ఉన్న నకళ్ళను వెతికి చింపేస్తుంది. అసలు దస్తావేజుకు ఏమీ కాదు. ఆజ్ఞ మాత్రం చేరవలసిన చోటికి చేరదు. దీన్ని మా శాస్త్రంలో జన్యువు నోరు మూయించడం అంటారు. ఆ పేరు నాకు మొదటినుంచీ నచ్చింది. ఎదుటివాడి నోరు మూయించడంలో నాకున్న పేరు నీకు తెలుసు కదా.

లిగ్నిన్ తగ్గితే పుల్ల ఇటుక రంగుకు తిరుగుతుందనీ, నార తొందరగా ఊడుతుందనీ రుజువు చేశాను. కర్ర గాలికి నిలబడుతుందా అన్నది పరీక్షించలేదు. గాజుగదిలో గాలి వీయదు.

ఇలాంటి విత్తనం ఒక్కటి గాజుగది దాటాలన్నా ప్రభుత్వ సంఘం అనుమతి కావాలి. నేను అడగలేదు. మా గైడుకు చెప్పలేదు. మీకూ చెప్పలేదు. 'ఎవరికీ ఇవ్వకు' అని నా మొదటి ఉత్తరంలో రాయడానికి కలం ఎత్తాను. రాస్తే ఎందుకని అడుగుతావు, అడిగితే చెప్పాలి, చెబితే నువ్వు డబ్బా తిప్పి పంపుతావు. అందుకని ఆ ఒక్క వాక్యం రాయలేదు. బుట్ట సంగతి నాకు తట్టలేదని ఎవరైనా నా తరఫున వాదిస్తే నమ్మకు. మంచి విత్తనాన్ని ఆ ఊళ్ళో ఎవరూ దాచుకోరని అదే ఉత్తరంలో, అదే చేత్తో, గొప్పగా రాసినదాన్ని నేను. రైతు సమ్మతి గురించి కప్పు గెలిచి, నెల తిరక్కుండా నలభై రెండు ఇళ్ళకు వాళ్ళ సమ్మతి లేని విత్తనం పంచిపెట్టాను. పెద్దమ్మ "ఏ ఇత్తనం, ఎక్కడిది?" అని అడగనే అడిగింది. జవాబు చెప్పవలసిన మనిషి అక్కడ లేదు. తన మాటగా ఒక డబ్బా పంపి, విశాఖపట్నంలో కూర్చుంది.

ఆకు తిన్నందువల్ల హాని ఉందని నాకు తెలియదు. లేదని నేను రుజువు చేయలేదు. ఈ రెండు వాక్యాల మధ్యే జూలై నుంచి నేను బతుకుతున్నాను.

ఇంకొకటి వెంటనే చెప్పాలి. అక్టోబరు నడుమకు గోగు మొగ్గ తొడుగుతుంది. పువ్వు విచ్చితే తేనెటీగలు పుప్పొడిని పక్క సాళ్ళకూ, పెరటి గోంగూరకూ మోస్తాయి. అవన్నీ ఒకే జాతి. పైగా వచ్చే ఏటి విత్తనం ఊరంతా తీసేది ఆ బుట్ట సాలు నుంచే. ఇప్పటికి నలభై రెండు సాళ్ళు, ఒక బావి మూల. పూత తరువాత అది ఎవరి చేతిలోనూ ఉండదు. పువ్వు రాకముందే అవన్నీ పీకాలి. ఎలాగో నాకు తోచడం లేదు.

పెద్దమ్మ గురించి ఏమి రాయాలో కూడా తెలియడం లేదు.

సుధారాణి.


కొత్తనీలాపురం,
6 అక్టోబరు 2005.

సుధా,

నీ ఉత్తరం మూడుసార్లు నాకు నేను చదువుకుని, నాలుగోసారి మీ అత్తకు చదివి వినిపించాను. తరువాత నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నాకు కోపం వచ్చింది దానికే.

రెండు రోజులు ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. తుపాను తరువాత మేత లేక పశువులు తెగించి ఉన్నాయి. మన వాటిని విప్పి బుట్ట సాళ్ళ వెంట తోలేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. తిన్నవి తింటాయి, తొక్కినవి తొక్కుతాయి. నాలుగు తిట్లు తిని ఊరుకుంటాను. బావి మూలది నేనే పీకేస్తాను. నువ్వన్నట్టు పువ్వు రాదు, విత్తనం రాదు. నీ చదువుకు అడ్డం రాదు. పదిమందిలో నా తల వంగదు. ఇదంతా మీ అత్తకు చెప్పాను.

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "పశులు గోగు తినేత్తాయి. మరి అప్పలమ్మొదిన మీద పడ్డ మాటని ఏ పశువు తింటాది?" అంది.

చెరిగిన బియ్యం గిన్నెలో పోసింది. మళ్ళీ తనే అంది: "నువ్వు సదువుకున్నోడివి. నీ మేనగోడలు నీకన్నా సదువుకున్నాది. ఇద్దరూ కలిసి ఇదా కనిపెట్టింది? రేపు ఆ సాళ్ళు పశులు మేసేత్తే దానికీ ఒదిన సెయ్యే కారణం అంతారు. నానయితే రోజూ ఆ గుమ్మంలో బిందెట్టి, ఆవిడి మొకం సూడకుండా వొచ్చెత్తన్నాను. ఎన్నాళ్ళని రమ్మంతావు?"

పశువులు గాటనే ఉన్నాయి.

నిన్న పొద్దున్న నేను అక్క ఇంటికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. ఆమె ముందుగా, "నీ మేనగోడలి ఇత్తనం బాగా వొచ్చిందా బాబూ? నార ఊడిందా?" అని అడిగింది. వచ్చిన పని చెప్పలేక తిరిగి వచ్చాను. చెప్పబోతే నా నోట అది నిన్ను కాపాడుకునే మాటగా మారిపోతోంది. 'చిన్నపిల్ల, తెలియక చేసింది' అని రాబోయింది. నువ్వు తెలిసే చేశావు.

ఏం చెప్పాలో నువ్వే రాయి. రాసింది రాసినట్టు పదిమందిలో చదువుతాను. అది చదివితే నీ నాలుగేళ్ళ చదువు ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసుకునే రాయి. మన సాలులో చివరి ఆకుల దగ్గర ఆవగింజంత మొగ్గలు కనబడుతున్నాయి.

జోగారావు.


విశాఖపట్నం,
12 అక్టోబరు 2005.

అప్పలమ్మ పెద్దమ్మకు, ఆమె తరువాత కొత్తనీలాపురం గ్రామస్థులందరికీ.

ఆదివారం ఉదయం జోగారావు మావయ్య ఇది చదువుతున్నప్పుడు నేను మీ మధ్యనే నిలబడి ఉంటాను. ఎదురుగా ఉండి కూడా కాగితం ఎందుకంటే, మాట్లాడటం మొదలుపెడితే నేను గెలవడానికి మాట్లాడతాను. ఈ రోజు నేను గెలవకూడదు. అందుకని మాటలు రాసి, నోరు మరొకరికి ఇచ్చాను.

నా మీద నేరం ఇది. పున్నమి నాడు మా అత్త బుట్టలో పోసిన విత్తనం ప్రయోగశాలలో మార్చినది. నేనే మార్చాను. కర్రను గట్టిపరచమని మొక్క లోపల వెళ్ళే ఆజ్ఞను మొక్కే చింపేసుకునేలా చేశాను. నార తేలిగ్గా ఊడాలన్నది నా ఉద్దేశం. దాన్ని బయట నాటడానికి అనుమతి లేదు. అనుమతి లేదని నాకు తెలుసు. మావయ్యకూ అత్తకూ తెలియదు. వాళ్ళు మంచిదనుకుని మీకు పంచారు. మీ బుట్ట సాళ్ళలో తుపానుకు పడిపోయినవి ఆ మొక్కలే. పడిన కర్ర తొక్క వలిస్తే పుల్ల ఇటుక రంగులో ఉంటుంది. ఎవరి సాలులో వారు విరిచి చూసుకోండి.

పెద్దమ్మ చేతిలో దోషం లేదు. ఆమె అడగవలసిన ప్రశ్న అడిగింది. దోషం నేను పంపిన జవాబులో ఉంది. నెల రోజులుగా ఆమె గుమ్మం దాటలేదు. అందులో పదిహేను రోజులు నాకు తెలిసే గడిచాయి. బుట్ట తీసుకున్నవాళ్ళు ఈ ఉత్తరం పూర్తికాకముందే వెళ్ళి ఆమె చేతికి ఇచ్చి రండి. తాతారావు మావయ్యా, నువ్వన్న మాట పదిమందిలో అన్నావు. వెనక్కు తీసుకోవడం కూడా పదిమందిలోనే జరగాలి. నీకన్నా పెద్ద తప్పు చేసినదాన్ని నీకు చెబుతున్నానని కోపం రావచ్చు. ఆ కోపం నా మీద చూపించి, మాట మాత్రం వెనక్కు తీసుకో.

మా గైడుకు సోమవారం చెప్పాను. నోటితో చెబితే చాలు, కాగితం మీద పెట్టవద్దన్నారు. కాగితం మీద పెట్టి సంఘానికి ఇచ్చాను. నా గాజుగది తాళం తీసుకున్నారు. నా పట్టా సంగతి వాళ్ళు తేలుస్తారు. అది మీ సమస్య కాదు, దాని గురించి ఎవరూ జాలిపడవద్దు. అధికారులు ఇక్కడికి వస్తారో రారో, ఎప్పుడు వస్తారో నాకు తెలియదు. పువ్వు వాళ్ళ కోసం ఆగదు.

కాబట్టి నష్టపోయిన మిమ్మల్నే మరో నష్టం అడుగుతున్నాను. ఈ రోజే బుట్ట సాలును మొత్తం వేళ్ళతో సహా పీకాలి. పడినవి మాత్రమే కాదు, నిటారుగా ఉన్నవి కూడా; నిలబడిన వాటిలో నావి ఏవో పైకి చూసి నేను చెప్పలేను. పీకినవి ఎండబెట్టి కాల్చాలి. పశువులకు వేయవద్దు, ఆకు కోయవద్దు. బుట్ట సాలును పచ్చిగా పీకడం ఈ ఊళ్ళో ఎవరి ఎరుకలోనూ లేదని నాకు తెలుసు. అది మీకు ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. వెనక సాళ్ళు ఇంకా పూయలేదు గనక అవి మీవే. వచ్చే ఏటి విత్తనం వాటి నుంచి తీసుకోండి. ఈ ఊరి విత్తనం ఈ ఊరికి మిగిలే దారి అదొక్కటే. మీరు పీకమంటే పీకడానికి నేనున్నాను. మీ చేలో అడుగుపెట్టవద్దంటే గట్టు మీద ఉంటాను.

మీలో చాలామంది ఆ ఆకు తిన్నారు. హాని జరుగుతుందని నేను అనుకోవడం లేదు. కానీ నేను అనుకోవడానికీ, రుజువుకూ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని నేను మీకు తెలియకుండా మీ పళ్ళెంలో పెట్టాను.

చివరిగా ఒకటి. ఈ ఉత్తరం అయిపోగానే మీలో ఎవరో ఒకరు, 'పోనీలే, మన గుంటే కదా' అంటారు. ఆ మాట అనవద్దు. పున్నమి నాడు మిమ్మల్ని ప్రశ్న అడగకుండా ఆపింది ఆ మాటే. నన్ను కొట్టినా తిట్టినా కాదనను, కానీ దానితో సరిపెట్టవద్దు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టవద్దు, మంచినీళ్ళివ్వవద్దు. ఇక్కడే, ఈ ఎండలోనే నిలబెట్టండి. మొదట పెద్దమ్మ అడగాలి, ఆ తరువాత ఇంటికొకరు చొప్పున నలభై రెండు ఇళ్ళూ అడగాలి: ఆ విత్తనం ఏమిటి, ఎవరినడిగి పంపావు, మా పిల్లలు తిన్నదానికి పూచీ ఎవరు, మళ్ళీ ఇలా జరగదని నమ్మేది ఎలా. నేను తడబడితే మళ్ళీ అడగండి. నేను చక్కగా మాట్లాడితే మరింత గట్టిగా అడగండి. 'నాకు తెలియదు' అని నేను మీ అందరి ఎదుటా ఒప్పుకునేదాకా ఒక్కరూ ఇక్కడినుంచి కదలవద్దు.

సుధారాణి.